తొడిమ కాదు

ఆసుపత్రి మూడో అంతస్తు వరండాని గురవమ్మ ఎప్పుడూ కిటికీ వైపు నుంచే తుడుస్తుంది. వెనక్కి నడుస్తూ వస్తే తన అడుగులు తడి గచ్చు మీద పడవు. వేరేవాళ్ళ అడుగులు పడితే మాత్రం ఊరుకోదు. ఆ మంగళవారం పొద్దున సగం తుడిచేసరికి లిఫ్టు తెరుచుకుని మొగుడూ పెళ్ళాం, ఐదేళ్ళ ఆడపిల్ల దిగారు.

“ఆగండాగండి! తడి ఆరనీండి,” అని అరిచింది.

పెద్దవాళ్ళిద్దరూ ఆగారు. పిల్ల ఆగలేదు. ఒక్కో అడుగూ వేలు మడిచి లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఉన్నట్టుండి గొంతుక్కూర్చుంది. మోకాళ్ళు రొమ్ముకు ఆనించుకుని తల వాల్చేసింది. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లగా ఉన్నాయి. గోళ్ళూ అంతే.

గురవమ్మ కర్ర గోడకానించి గబగబా వెళ్ళింది. “పడ్డావా ఏందే?”

“పడలా. కూర్చున్నా,” అంది పిల్ల, తల ఎత్తకుండానే.

“గౌను తడిసిపోలా?”

“ఆరిద్దిలే.”

తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారగా వచ్చింది. “ఏమనుకోమాక పిన్నీ. పది అడుగులేస్తే దానికి ఆయాసం. కాసేపు అట్టా కూర్చుంటే సర్దుకుంటది. ఎవురూ చెప్పలా, దానంతటదే నేర్చుకుంది. పత్తి చేలో సాలుకి నాలుగు చోట్ల కూర్చుంటది.”

“ఎన్నేశావే ఇయ్యాల?” అని తండ్రి దూరం నుంచే అడిగాడు.

“పదకొండు. నిన్న తొమ్మిదే,” అంది పిల్ల. తర్వాత వరండా చివరికి చూసింది. “ఆ కిటికీలోంచి రైలు కనపడిద్దా?”

“కనపడిద్ది. పన్నెండింటికి ఒకటి పోద్ది,” అంది గురవమ్మ.

పిల్ల పేరు శ్రీరమ్య. తండ్రి యలమంద, తల్లి నాగజ్యోతి. చిలకలూరిపేట అవతల పల్లె. పత్తి, మిరప వేస్తారు. నెలల పిల్లప్పుడు ఎక్కడో ఒకసారి రొమ్ము కోసి తాత్కాలికంగా సర్ది పంపారట. శుక్రవారం ఇక్కడ గుండెకు పెద్ద ఆపరేషన్.

“మిరప ఏ రకం?” అని అడిగింది గురవమ్మ.

“తేజా,” అంది నాగజ్యోతి.

“వేళ్ళు మండుతాయిలే. పదిహేడేళ్ళు తీశా తొడిమలు, గుంటూరు యార్డు చుట్టూ.” ఆమె కుడి బొటనవేలు చూపించింది. గోరు ఒక పక్కకు అరిగి గరిటెలా వంగి ఉంది.

“మరి మానేశావేం?”

“ఘాటుకి దగ్గు పట్టుకుంది. ఇక్కడైతే ఫినాయిల్ ఘాటేగా.”

యలమంద నవ్వి కూతుర్ని భుజం మీదికెత్తుకున్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్దామనుకున్నాడు. పిల్ల ఒప్పుకోలేదు. “ఎత్తుకుంటే చూడను. నడిచెళ్ళి చూస్తా,” అంది.

గురవమ్మ గచ్చు మీద పిల్ల కూర్చున్న చోటు చూసింది. దాని దాకా పదకొండు చిన్న అడుగులు. కర్ర తీసుకుని మళ్ళీ తుడిచింది.

*

వరండా మలుపులో చిన్న గది ఉంది. గురవమ్మ దాన్ని గుండెలు అచ్చుపోసే గది అంటుంది. స్కాన్‌లో తీసిన పిల్లల గుండెలను కంప్యూటర్‌లో గీసి, అక్కడి యంత్రానికిస్తే అదే కొలతతో, అవే వంపులతో పొర మీద పొర పోసుకుంటూ రెజిన్ అనే గట్టిపడే జిగురుతో బొమ్మ చేస్తుంది. రొమ్ము తెరవకముందే డాక్టర్ మాధవీలత ఆ గుండెను చేతిలో పట్టుకుని ఎక్కడ కొయ్యాలో చూసుకుంటుంది. ఆ గదికి ఇంజనీరు చైతన్యకృష్ణ.

యంత్రంలోంచి వచ్చినప్పుడు గుండె శుభ్రంగా ఉండదు. పోసేటప్పుడు జారిపోకుండా యంత్రమే వందల సన్నటి పుల్లలు పెట్టి నిలబెడుతుంది. వాటిని సపోర్టులంటారు. మచ్చ పడకుండా వాటిని ఒక్కొక్కటే తియ్యాలి. రెండు నెలల కిందట చైతన్యకృష్ణ కటింగ్ ప్లేరుతో లాగి ఒక గుండెను చిట్లగొట్టి తల పట్టుకు కూర్చున్నాడు. చెత్తబుట్ట తియ్యడానికొచ్చిన గురవమ్మ “ఇటివ్వు బాబూ” అంది. అప్పటి నుంచీ ప్రతి గుండే ఆమె చేతుల్లోంచే వెళ్తోంది. పెట్టె మీద అంటించే కాగితంలో మాత్రం “తయారీ: చైతన్యకృష్ణ” అని ఉంటుంది. కాగితాల ప్రకారం గురవమ్మ ఊడ్చే మనిషి.

బుధవారం భోజనాలయ్యాక పిలిచాడు. బల్ల మీద గుప్పెడంత గుండె, పండుమిరపకాయ రంగులో, ముళ్ళపందిలా పుల్లలతో ఉంది.

“నాలుగింటికి మాధవీలత మేడం చూస్తారు. తొందరగా కానియ్యి.”

“ఎవురిది?”

“శ్రీరమ్య అని, ఐదేళ్ళు. నీకెందుకు?”

గురవమ్మ బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ఆ గదిలో ఉన్న ఒక్క కుర్చీ చైతన్యకృష్ణది. చేతులు తుడుచుకుని గుండెను ఎడమ అరచేతిలో పెట్టుకుంది. సపోర్టు మొన గుండెను ముట్టీముట్టనట్టు తాకుతుంది. దాని మొదట్లో గోరు ఆనించి, పక్కకు వంచి లాగితే టిక్‌మని వస్తుంది. వచ్చిన చోట ఆవగింజలో సగం మచ్చ. మిరపకాయ తొడిమ కూడా అంతే. కాయ చిట్లకూడదు, గింజ కారకూడదు. కాసేపటికి చేతులకు వాటి వేగం వాటికి వచ్చింది. కళ్ళతో పని లేకపోయింది. టిక్, టిక్, టిక్. ఒళ్ళో పుల్లలు పోగుపడ్డాయి.

ఒకటి టిక్ అనలేదు. చీలింది.

చేతులు ఆగిపోయాయి. తొడిమతో పాటు కాయ పెచ్చు ఊడొచ్చినప్పుడు వేలికి ఎలా తెలుస్తుందో అలాగే తెలిసింది. గుండె ముందు వైపు వడ్లగింజంత పెచ్చు లేచిపోయింది. ఊడిన ముక్కను కిటికీ వెలుగుకు పట్టుకుంది. ఒళ్ళోంచి ఒక పుల్ల తీసి పక్కన పెట్టి చూసింది. పుల్లకు గుండె వైపు సన్నం, బయటి వైపు లావు. ఈ ముక్కకు గుండె వైపు లావు, బయటి వైపు సన్నం.

గుండెను తిప్పింది. అరంగుళం అవతల ఇంకొకటి ఉంది. అదీ గుండెలోంచే లావుగా పుట్టి, పోనుపోనూ సన్నబడి, ఇప్పుడు ఊడిన దాని వైపే వాలి ఉంది. నడుమ తెగిపోయిన దారానికి రెండు కొసల్లా ఉన్నాయి.

“బాబూ, ఒకసారి ఇటు చూడు. నేనొక తప్పు చేశా. ఇది తొడిమ కాదు.”

చైతన్యకృష్ణ కంప్యూటర్ ముందు నుంచి లేచి వచ్చాడు. పెచ్చు లేచిన చోటు చూసి నాలిక కరుచుకున్నాడు. ముక్కను చూడలేదు.

“స్కాన్ చేసేటప్పుడు పిల్ల ఏడ్చి కదిలింది. ఫొటో మసగ్గా వచ్చింది. అట్లాంటి మసకలో కంప్యూటర్ పిచ్చిముక్కలు పుట్టిస్తుంది. రిపోర్టులో అక్కడేం లేదు. ఆ రెండోది కూడా తీసెయ్.”

“నేను తియ్యను. లోపలి నుంచి మొలిచింది బాబూ అది.”

“గుండె గురించి నీకు తెలుసా?”

“తెలవదు. తొడిమల సంగతి తెలుసు.”

అతను గడియారం చూసుకున్నాడు. గుండెను తీసుకుని రెండో దాన్ని ప్లేరుతో కత్తిరించాడు. రెండు చోట్లా గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచాడు. బొమ్మ నున్నగా మెరిసింది.

“నువ్వు ముట్టుకున్నట్టు ఎక్కడా అనకు. మొన్నటి చిట్లిన దానికే నాకు నోటీసొచ్చింది. ఊడ్చే మనిషి చేత చేయిస్తున్నానంటే ఇద్దరినీ ఇంటికి పంపుతారు.”

గురవమ్మ ఒళ్ళోని పుల్లలను బుట్టలో దులిపింది. ఆ రెండు ముక్కలను కొంగున ముడేసుకుంది.

*

నాలుగింటికి డాక్టర్ మాధవీలత గదిలో బల్ల తుడవమని పిలిచారు. యలమంద, నాగజ్యోతి గోడవార నిలబడి ఉన్నారు. శ్రీరమ్య కుర్చీలోకి ఎక్కి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

“నా గుండె అంత ఎర్రగా ఉంటదా?”

“ఇంకా ఎర్రగా ఉంటుంది,” అంది డాక్టర్. తర్వాత తల్లిదండ్రుల వైపు తిరిగి బొమ్మ ఎత్తి చూపించింది. “ఊపిరితిత్తులకు వెళ్ళే దారి ఇదిగో, ఇక్కడ సన్నగా ఉంది. అందుకే ఆయాసం. ముందు నుంచి కోసి, వెడల్పు చేసి, అతుకు వేస్తాను. లోపలున్న రంధ్రం మూసేస్తాను.” నీలం స్కెచ్ పెన్నుతో గీత గీసింది. “చిన్నప్పటి ఆపరేషన్ వల్ల పైనంతా అతుక్కుపోయి ఉంటుంది. తెరిచాక అక్కడ ఏముందో కంటికి తెలియదు. అందుకే ఈ బొమ్మ. ఇది చూపించిన చోటే కత్తి పెడతాను.”

నీలం గీత గరుకు కాగితంతో రుద్దిన చోటి మీదుగా, ఆ రెండు ముక్కలూ ఉండిన జాగా నడుమ నుంచి సరిగ్గా వెళ్ళింది.

గురవమ్మ చేతిలోని గుడ్డ ఆగిపోయింది. తలుపు దగ్గరున్న చైతన్యకృష్ణ వైపు చూసింది. అతను ఫోన్ చూసుకుంటున్నాడు.

“తర్వాత నడుస్తదా అమ్మా?” అని అడిగాడు యలమంద.

“పరిగెత్తుతుంది,” అంది డాక్టర్.

గురవమ్మ బల్లను తుడిచిన చోటే ఇంకోసారి తుడిచి బయటికి వచ్చేసింది. సాయంత్రం ఊరి బస్సులో పక్కనున్నావిడ ఏదో అడుగుతుంటే వినిపించలేదు. వేలు కొంగు ముడి మీదే ఉంది. ముక్కలు చేతికి తగులుతున్నాయి. ఒకటి చిన్నది, ఒకటి కొంచెం పెద్దది.

*

గురువారం ఏడింటికే డాక్టర్ గది ముందు నిలబడింది. పనివాళ్ళ మీద సూపర్‌వైజర్ ఏసోబు అటుగా వచ్చాడు.

“ఇక్కడేం చేస్తన్నావ్? వరండా ఎవురు తుడుస్తారు, మీ ఆయనా?”

“మా ఆయన తుడిచేవాడైతే నేనెందుకొస్తా ఇక్కడికి?”

“మాటలకేం తక్కువ లేదు. పద.”

“పోను. డాక్టరమ్మతో మాట్టాడాలి.”

ఏసోబు ఇంకేదో అనబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఎనిమిదికి డాక్టర్ వచ్చింది. గురవమ్మ వెనకే లోపలికి వెళ్ళి కొంగు ముడి విప్పింది. పళ్ళతో లాగితే గానీ రాలేదు. రెండు ముక్కలను బల్ల మీద పెట్టి, పక్కన బుట్టలోంచి తెచ్చిన మామూలు పుల్ల ఒకటి పెట్టింది.

“ఏంటమ్మా ఇవి?”

“ఆ పిల్ల గుండె మీదివండి. మీరు గీత గీసిన చోటివి.”

డాక్టర్ చేతిసంచి ఇంకా భుజానే ఉంది. “నీ దగ్గరికెలా వచ్చాయి?”

“బొమ్మలు శుభ్రం చేసేది నేనేనండి. రెండు నెలల్నుంచీ. తొడిమ అనుకుని ఒకటి విరిచేశా. విరిగాక తెలిసింది, కాదని. ఈ పుల్ల చూడండి, గుండె వైపు సన్నం. వీటికి గుండె వైపు లావు. పెట్టింది అయితే సన్నంగా ఉంటది. మొలిచింది అయితే మొదలు లావుంటది. ఈ రెండూ ఎదురెదురుగా ఉన్నాయి, ఒకదాని కోసం ఒకటి చూస్తన్నట్టు.” ఊపిరి పీల్చుకుంది. “నాకు అంతకంటే తెలవదు. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి. పిల్లని కొయ్యబోయే ముందు ఒకసారి చూడండి.”

“రెండోది ఎవరు తీశారు?”

“ఆయన్ని పిలవండి, ఆయనే చెప్తాడు. నేను చెప్తే చాడీ అవుద్ది.”

చైతన్యకృష్ణ వచ్చాడు. బల్ల మీది ముక్కలను చూడగానే అతని ముఖం మాడిపోయింది. గురవమ్మ వైపు చూశాడు, మళ్ళీ కిందికి చూశాడు. “నేనే మేడం. మసకలో పుట్టిన నాయిస్ అనుకున్నాను,” అన్నాడు. అబద్ధమాడలేదు.

డాక్టర్ ముక్కలను వేలితో తిప్పి చూసింది. సంచి కింద పెట్టి కంప్యూటర్ తెరిచింది. స్కాన్ చదివే డాక్టర్ ఇషాక్‌ని ఫోన్ చేసి పిలిపించింది. నలుపు తెలుపు బొమ్మలు ఒకదాని మీద ఒకటి కదిలాయి. గురవమ్మ వెళ్ళాలో ఉండాలో తెలియక తలుపు పట్టుకుని నిలబడింది.

“ఆగు. వెనక్కి,” అంది మాధవీలత.

ఇషాక్ తెర దగ్గరికి వంగాడు. “మసకే మేడం. రిపోర్టు నేనే ఇచ్చాను.”

“మసకకి రెండు పక్కలా మొదళ్ళు ఉంటాయా?”

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. “పిల్లని నిద్రపుచ్చి మళ్ళీ తీద్దాం,” అన్నాడు చివరికి.

పన్నెండు దాటాక డాక్టరే వరండాలోకి వచ్చింది. గురవమ్మ మెట్ల దగ్గర తుడుస్తోంది. యలమంద, నాగజ్యోతి బెంచీ మీంచి లేచారు.

“ఆపరేషన్ రేపు చెయ్యను. సోమవారం చేస్తాను,” అంది డాక్టర్. “గుండెకే నెత్తురు పంపే నరం ఒకటి ఉంటుంది. మీ అమ్మాయికి అది ఉండాల్సిన చోట లేదు. నేను కొయ్యాలనుకున్న దారికి అడ్డంగా వెళ్తోంది. మొదటి స్కాన్‌లో మాకు ఎవరికీ కనబడలేదు. నిన్నటి గీత మీద కోసి ఉంటే...” ఆ మాట అక్కడే వదిలేసింది.

నాగజ్యోతి తన భుజం మీద మత్తులో నిద్రపోతున్న కూతురి తల మీద చెయ్యి వేసి ఉండిపోయింది. యలమంద మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు.

మెట్ల దగ్గర నుంచి గురవమ్మే అడిగింది. “మరి పిల్ల నడవదా?”

“నడుస్తుంది. ఆ నరాన్ని ముట్టుకోను. దాని కింద నుంచి వేరే పైపు వేసి కొత్త దారి తీస్తాను. ముందు నాకు ఇంకో బొమ్మ కావాలి. రెండు బొమ్మలు. ఒకటి కోసి చూసుకోవడానికి.” డాక్టర్ ఒక అడుగు వేసి ఆగింది. “గురవమ్మా, నువ్వే శుభ్రం చెయ్యాలి. నేను పక్కన కూర్చుంటాను.”

*

శనివారం పొద్దున గదిలోకి వెళ్తే బోర్లించిన బకెట్టు లేదు. చైతన్యకృష్ణ కుర్చీ కిటికీ దగ్గరికి జరిపి ఉంది. అతను నిలబడి ఉన్నాడు.

“కూర్చోండి,” అన్నాడు.

“ఎవర్ని?”

“మిమ్మల్నే.”

కూర్చుంది. కాళ్ళు సరిగ్గా నేలకందలేదు. డాక్టర్ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. కొత్త గుండె మీద ఆ నరం ఈసారి తెగకుండా, ఇంటి మీదికి పాకిన బీరతీగలా ఈ పక్క నుంచి ఆ పక్కకి వెళ్ళింది. దాన్ని నిలబెట్టడానికి యంత్రం దాని కిందా మీదా పుల్లలు గుచ్చేసింది. గురవమ్మ కుడివైపు నుంచి మొదలుపెట్టింది. ఒక్కోదాన్ని వేలితో తడిమి, మొదలు చూసి, అప్పుడు వంచింది. టిక్. తీగ దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టింది. డాక్టర్ కూడా బిగబట్టింది. చివరి పుల్ల వచ్చాక తీగ మీద మచ్చ కూడా లేదు.

“ఇంత మెత్తగా నాకు కూడా రాదు,” అంది మాధవీలత.

“పదిహేడేళ్ళు మిరపకాయలకి తొడిమలు తియ్యండి, వచ్చిద్ది,” అంది గురవమ్మ. డాక్టర్ పెద్దగా నవ్వింది.

చైతన్యకృష్ణ పెట్టె మీద కాగితం అంటిస్తూ అడిగాడు. “మీ ఇంటిపేరేంటి?”

“ఇంటిపేరెందుకు బాబూ, సంబంధం చూస్తన్నావా నాకు?”

“కాగితం మీద రాయాలి.”

గురవమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత చెప్పింది. అతను తన పేరు కింద కాకుండా పైన రాశాడు.

సోమవారం ఎనిమిదికి పిల్లను లోపలికి తీసుకెళ్ళారు. గురవమ్మ ఆ రోజు వరండా మూడుసార్లు తుడిచింది. యలమంద బెంచీ మీద కూర్చోలేక లేవలేక తిరుగుతుంటే, “తడి ఆరనీయవయ్యా” అని ఒక్కసారి కూడా అరవలేదు. సాయంత్రం నాలుగుకి తలుపు తెరుచుకుంది. మాధవీలత టోపీ తీసి, ముందు తల్లి చేతులు పట్టుకుంది. “అయిపోయింది. బాగుంది. గోళ్ళు అప్పుడే ఎర్రబడ్డాయి.”

నాగజ్యోతి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. యలమంద గోడకు నుదురు ఆనించుకున్నాడు.

డాక్టర్ గురవమ్మ దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. “అక్కడే ఉంది గురవమ్మా. కొవ్వు కింద, పైకి కనపడకుండా. నువ్వు చెప్పిన చోటే.”

గురవమ్మ తలూపింది. కర్రను గట్టిగా పట్టుకుంది.

*

పది రోజులయ్యాక పొద్దున్నే ఏసోబు వచ్చాడు. “నీ పేరు నా లిస్టులోంచి కొట్టేశారు,” అన్నాడు.

గురవమ్మ తుడవడం ఆపింది. “ఎందుకంట?”

“ఆ అచ్చులగదిలో వేశారు. ఆర్డరొచ్చింది.” ఏసోబు పళ్ళికిలించాడు. “నా మనిషిని లాక్కున్నారు. కొత్త మనిషి వచ్చేదాకా వరండా కూడా నువ్వే తుడవాలి మరి.”

“చచ్చేట్టు చెప్పావు కదయ్యా! మంచి మాట ముందు చెప్తే నోరు పడిపోద్దా?” అని చీపురు ఎత్తింది. అతను నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు.

పన్నెండు కావస్తుండగా వరండా అంతా తుడిచి వెనక్కి చూసింది. అవతల వార్డు తలుపు దగ్గర శ్రీరమ్య నిలబడి ఉంది. కొత్త గౌను, మెడ దాకా తెల్ల కట్టు. వెనక తల్లి చెయ్యి చాపి ఉంది గానీ పట్టుకోలేదు. ఇంటికి పంపుతున్నారు వాళ్ళను.

పిల్ల తడి గచ్చు మీద కాలు పెట్టింది.

గురవమ్మ అరవబోయి ఆగిపోయింది.

ఒకటి. రెండు. పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. తొమ్మిది. పది. పదకొండు. యలమంద చేతిలోని సంచి కింద పెట్టేశాడు. అచ్చులగది తలుపు దగ్గర చైతన్యకృష్ణ నిలబడిపోయాడు. పన్నెండు అంది పిల్ల, పైకే. మోకాళ్ళు ఒకసారి వంగినట్టే వంగి, నిలబడ్డాయి. ఆ తర్వాత లెక్క మానేసింది. నడిచింది. గురవమ్మ పక్క నుంచి, బకెట్టు పక్క నుంచి, కిటికీ దాకా నడిచి రెండు చేతులతో ఊచలు పట్టుకుంది.

కింద దూరంగా రైలు కూత వేసింది.

“అమ్మా! వచ్చింది!” పిల్ల పెదాలు మామూలు పిల్లల పెదాల్లా ఉన్నాయి. గురవమ్మ వైపు తిరిగింది. “నేనేం కూర్చోలేదు.”

“చూశాలే. గచ్చంతా తొక్కావు,” అంది గురవమ్మ.

వాళ్ళు లిఫ్టు దిగి వెళ్ళాక ఆమె కర్ర ముంచి పిండింది. వార్డు తలుపు నుంచి కిటికీ దాకా చిన్న చిన్న అడుగులు వరసగా ఉన్నాయి. ఎక్కడా కూర్చున్న గుర్తు లేదు. ఆ అడుగుల పక్కగా తుడుచుకుంటూ పోయింది. అవి వాటంతటవే ఆరాయి.